గూడు కట్టిన ప్రతి చేపకీ పెళ్లి చేయక్కర్లేదు

ఆషాఢంలో మూడు రోజులు విడవకుండా ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున్నే మా అమ్మాయి అక్వేరియం దగ్గర్నుంచి కేక పెట్టింది. "అమ్మా, నీలు నీళ్లలో ఎవరో సబ్బు వేశారు!"

నీలు అంటే మా మగ ఫైటర్ చేప. ముదురు నీలం ఒళ్లు, తోక అంచున సన్నటి ఎరుపు. వెళ్లి చూస్తే సబ్బేమీ లేదు. నీళ్ల మీద తేలుతున్న ఎండు బాదం ఆకు అంచున, ఫిల్టర్ గాలి తగలని మూలలో, అరచేతిలో సగమంత తెల్లటి నురుగు. ఒక్కో బుడగా ఆవగింజంత. దాని కిందే నీలు అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను వేలు పెట్టి చూపించబోతే మొప్పలు విప్పి అద్దం మీదకి వచ్చాడు.

అమ్మాయి ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి అందరిదీ ఒకటే మాట. ఎదురు ఫ్లాట్ పిన్నిగారు స్వయంగా వచ్చి చూసి, "ఇల్లు కట్టుకున్నాడమ్మా, ఇంక పిల్లని చూసి పెళ్లి చేసెయ్యండి. పాపం ఎన్నాళ్లని ఒంటరిగా ఉంటాడు?" అన్నారు. మా మరిది ఫోన్ చేసి, "వదినా, ఆదివారం వస్తూ ఒక ఫీమేల్ పట్టుకొస్తాను, మహా అయితే వంద రూపాయలు" అన్నాడు. వద్దని చెప్పేసరికి ఇంట్లో ఇద్దరి మొహాలూ చిన్నబోయాయి. ఎందుకు వద్దన్నానో ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పడం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు మన పెద్దవాళ్లు. ఆ రెండు పనులూ ఎంత బరువో తెలిసి అన్న మాట అది. మన ఇళ్లలో పెళ్లంటే ఆర్నెల్ల ముందు నుంచి లెక్కలు వేసుకునేవాళ్లం, చేప విషయానికి వచ్చేసరికి ఒక్క ఆదివారంలో తేల్చేస్తాం.

ఆ నురుగు అసలేమిటి

ఒక రోజు ఓపిగ్గా కూర్చుని చూస్తే తెలుస్తుంది. చేప పైకి వచ్చి నోటితో గాలి గుటకేస్తుంది. లోపల ఆ గాలికి జిగురులాంటి జొల్లు పూత పడుతుంది. ఆకు కిందకి వెళ్లి ఆ బుడగని ఉమ్ముతుంది. మళ్లీ పైకి. ఆ పూత వల్లే బుడగ వెంటనే పగలకుండా నిలబడుతుంది. ఎక్కడైనా పగిలితే అక్కడికి వెళ్లి ఇంకోటి పెడుతుంది. నీలు ఆ రోజు మధ్యాహ్నం ఒక మూల ఖాళీ పడితే దాన్ని నింపడానికి అన్నం తినే టైమంతా తిరిగాడు. మేత వేసినా రెండు గింజలు తిని మళ్లీ పనిలోకి దిగాడు.

ఈ చేపల సొంత ఊరు థాయిలాండ్. వరి పొలాలు, చిత్తడి నేలలు, గడ్డి మొలిచిన కాలవలు. కదలని వెచ్చటి నీళ్లు కాబట్టి ప్రాణవాయువు తక్కువ. అందుకే వీటికి మొప్పలతో పాటు తల లోపల మడతలు మడతలుగా లాబిరింత్ అనే భాగం ఉంటుంది. దానితో నేరుగా పైగాలి పీల్చుకుంటాయి. పెద్ద చేప పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, గుడ్డు రాలేదు కదా. అడుగున బురదలో పడితే ఊపిరాడక కుళ్లిపోతుంది. కాబట్టి తండ్రి గుడ్లని పైకి తెచ్చి, గాలికి దగ్గరగా, ఈ బుడగల గూటిలో పెడతాడు. ఆ పని ఈ జాతిలో చాలావరకు మగదానిదే.

మనకి ఇదేమీ వింత కాకూడదు. కొర్రమీను వీటికి దూరపు చుట్టమే, అదీ పైగాలి పీల్చే చేపే. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల ఊరి చెరువులో వానాకాలం నాచు పక్కన ఎర్రగా కుంకుమ కలిపినట్టు ఒక మచ్చ కదిలేది. అవి కొర్రమీను పిల్లలు. చెయ్యి పెట్టబోతే కింద నుంచి నీళ్లు గిర్రున తిరిగేవి. "కింద వాళ్ల అమ్మానాన్న ఉంటారు, చెయ్యి తియ్యి" అని తాతయ్య కసిరేవాడు. చేపలు పిల్లల్ని కాపలా కాస్తాయని నాకు మొదట తెలిసింది ఆ గట్టు మీదే.

సరే, నీలు దగ్గరికి వద్దాం. నురుగు కడితే చేప సంతోషంగా ఉన్నట్టని షాపుల్లో చెబుతారు, వీడియోల్లో చెబుతారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. ఇప్పుడు నమ్మను. నా దగ్గర ఒక పాత నోట్‌బుక్ ఉంది, నీళ్లు మార్చిన తేదీలు రాసుకునేది. అందులో నీలు గూడు కట్టిన రోజులు కూడా రాస్తున్నాను. ఎక్కువసార్లు నీళ్లు మార్చిన మర్నాడో, ముసురు పట్టినప్పుడో కట్టాడు. ఒకసారి తోక చివర కుళ్లు పట్టి మందు వేస్తున్న వారంలో కూడా కట్టాడు. ఆ వారం వాడు సంతోషంగా ఉన్నాడని ఎవరన్నా నేను ఒప్పుకోను. అంతకుముందు మా ఇంట్లో తెల్లటి ఫైటర్ ఒకటి రెండేళ్లకి పైగా చక్కగా తిని, చక్కగా తిరిగి, ఒక్క బుడగ కూడా పెట్టకుండా పోయింది. దాని తొట్టెలో ఫిల్టర్ పోటు ఎక్కువ, ఏం పెట్టినా చెదిరిపోయేదేమో. దానికి గూడు లేదని నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

గూడు చెప్పేది ఒక్కటే. ఈ మగచేప ఎదిగింది, ఒంట్లో ఆ పని చెయ్యమనే ప్రేరణ ఉంది. ఆడచేప ఎదురుగా లేకపోయినా కడుతుంది. ఎదురుచూపులు, బెంగ, పెళ్లి కోరిక ఇవన్నీ మనం అంటగట్టినవే.

"పాపం ఒంటరి" అన్న మాట గురించి

పిన్నిగారి మాటలో నన్ను ఎక్కువ కదిపింది ఈ ముక్కే. ఎందుకంటే అందులో దయ ఉంది. ఆవిడ ఎవరినీ ఒంటరిగా చూడలేరు, మా బ్లాకులో ఎవరికి జ్వరం వచ్చినా మొదట వచ్చే కేరేజీ ఆవిడదే. కానీ ఆ దయని ఈ చేపకి అలాగే వడ్డించలేం. థాయ్‌లో దీని పేరు ప్లా కాట్, కరిచే చేప అని అర్థం. మగదానికి తనదంటూ ఒక జాగా కావాలి. అందులోకి ఇంకో మగది వస్తే పోట్లాట. ఆడది వచ్చినా ఎక్కువసేపు ఓర్చుకోదు. సిద్ధంగా లేని ఆడచేపని వదిలితే తరిమి తరిమి రెక్కలు చీలుస్తుంది. పొలంలో అయితే ఆ ఆడచేప గడ్డిలోకి పారిపోతుంది. రెండడుగుల గాజుపెట్టెలో ఎక్కడికి పోతుంది?

ఇక్కడ నాకే ఒక సందేహం వస్తుంటుంది. పిల్లల్ని కనడం ఏ ప్రాణికైనా సహజం కదా, దాన్ని ఆపే హక్కు నాకెక్కడిది? ఈ ప్రశ్న చిన్నదేం కాదు. నేను అనుకునేది ఇది: పొలంలో ఆ పని సహజం కావడానికి చాలా తోడ్పాట్లు ఉన్నాయి. ఆడదానికి దారి ఉంది, పిల్లలకి మేత నీళ్లలోనే ఉంది, ఎక్కువైన పిల్లల్ని పక్షులూ పెద్ద చేపలూ తినేస్తాయి, మిగిలినవి చెదిరిపోయి తలో మూలా జాగా వెతుక్కుంటాయి. నా హాల్లో వీటిలో ఒక్కటీ లేదు. అన్నిటి బదులూ నేనే ఉండాలి. అసలు వాణ్ణి పెట్టెలో పెట్టడమే తప్పు కదా అని ఇంకో అడుగు వేసి ఎవరైనా అడిగితే నా దగ్గర పూర్తి జవాబు లేదు. తెచ్చిన ఒక్కదాన్ని వెచ్చటి నీళ్లలో, తగినంత చోటులో, చివరిదాకా చూసుకోవడం మాత్రం నా చేతిలో ఉంది.

2019లో నేను చేసిన పని

ఇంత గట్టిగా వద్దంటున్నానంటే ఒకసారి చేసి చూశాను కాబట్టే.

అప్పుడు మా అమ్మాయికి ఐదేళ్లు. ఇంట్లో హాఫ్‌మూన్ రకం ఎర్రటి మగ ఫైటర్ ఉండేది. అదీ ఇలాగే గూడు కట్టింది. నేను ఆడచేపని తెచ్చాను, కాస్త చదివే తెచ్చాను. పది రోజులు దానికి బలమైన మేత పెట్టాను. జానెడు లోతు కూడా లేకుండా నీళ్లు పోసి, థర్మోకోల్ టీ కప్పుని నిలువుగా సగానికి కోసి నీళ్ల మీద తేల్చాను, గూడుకి కప్పులా. మినరల్ వాటర్ సీసా పైభాగం కోసి అందులో ఆడచేపని ఉంచి, మగదానికి కనిపించేలా మధ్యలో పెట్టాను. రెండో రోజుకి ఆడచేప ఒంటి మీద నిలువు చారలు తేలాయి, పొట్ట కింద తెల్లటి చుక్క బయటికి కనబడింది. ఇవి సిద్ధమైనట్టు గుర్తులు. సీసా తీసేశాను.

తర్వాత చూసింది నేను మర్చిపోలేను. గూడు కింద మగది ఒళ్లు వంచి ఆడదాన్ని చుట్టేసింది. రెండూ బిగుసుకుపోయి ఒక నిమిషం కదల్లేదు. విడివడగానే ఆడది స్పృహ తప్పినట్టు పక్కకి ఒరిగి తేలింది, దాని కింద నుంచి తెల్లటి బొంబాయి రవ్వలాంటి గుడ్లు రాలుతున్నాయి. మగది కిందకి దూకి ఒక్కోటీ నోటితో పట్టి, పైకి తెచ్చి బుడగల్లోకి ఉమ్మింది. మళ్లీ చుట్టుకోవడం, మళ్లీ ఏరుకోవడం. మధ్యాహ్నం మూడింటికి మొదలై దీపాలు పెట్టే వేళ దాకా సాగింది. ఆ తర్వాత మగది ఒక్కసారిగా తిరగబడి ఆడదాన్ని తరమడం మొదలుపెట్టింది. నేను వలతో తీసి బకెట్లో వేశాను.

రెండో రోజు రాత్రి టార్చి వేసి చూస్తే గూడు కింద సన్నటి వెంట్రుక ముక్కల్లా పిల్లలు వేలాడుతున్నాయి, తోకలు కిందకి. పట్టు తప్పి ఒకటి జారుతుంది. తండ్రి వెళ్లి నోట కరుచుకుని మళ్లీ పైన పెడుతుంది. ఇంకోటి జారుతుంది. ఆ రాత్రంతా, మర్నాడు రాత్రి కూడా అదే పని. మేత ముట్టలేదు. మా ఆయన, నేను, నిద్రలో లేచి వచ్చిన పాప ముగ్గురం చీకట్లో నేల మీద కూర్చుని చూశాం. ఆ రెండు రాత్రులు నాకు దక్కకపోయి ఉంటే బాగుండేదా అని అడిగితే, బాగుండేదని నేను అనలేను. ఈ వ్యాసంలో నా వాదానికి అన్నిటికంటే పెద్ద అడ్డు అదే, తెలిసే రాస్తున్నాను.

పిల్లలు తిన్నగా ఈదడం మొదలెట్టాక తండ్రిని తీసేయాలి, లేకపోతే తినేయొచ్చు. అక్కడి నుంచి పని నా నెత్తిన పడింది. అంత చిన్న నోటికి షాపు మేత పట్టదు. క్యాబేజీ ఆకు నీళ్లలో కుళ్లబెట్టి ఇన్‌ఫ్యూజోరియా, అంటే కంటికి కనిపించనంత చిన్న నీటి జీవులు, పెంచాను, వంటింట్లో ఆ వాసనకి మా అత్తగారు వారం రోజులు ముక్కు మూసుకున్నారు. తర్వాత ఉప్పునీళ్లలో ఆర్టీమియా అనే బుల్లి రొయ్యలాంటి జీవుల గుడ్లు పొదిగించి, ఆ పిల్లల్ని మేతగా రోజుకి రెండుసార్లు. నీళ్లు చెడితే చస్తాయి, ఒక్కసారిగా మారిస్తే చస్తాయి. మూడు నాలుగు వారాలకి లాబిరింత్ తయారవుతున్నప్పుడు పై గాలి చల్లగా తగిలితే చస్తాయని తొట్టె మీద ఎప్పుడూ మూత. పొద్దున్నే లేచి అడుగున తెల్లగా పడి ఉన్నవాటిని పైపుతో లాగేయడం అలవాటైపోయింది.

రెండు నెలలకి 58 మిగిలాయి. అందులో 31 మగవి. వాటికి రంగు రావడం, ఒకదాన్నొకటి కొరకడం ఒకేసారి మొదలయ్యాయి. 31 సీసాలు కావాలి. ఆవకాయ సీసాలు, నేతి సీసాలు, అమ్మ వాళ్లింటి నుంచి అడిగి తెచ్చిన పాత జాడీలు. ఒకదానికొకటి కనిపిస్తే మొప్పలు విప్పుకుని రోజంతా అలసిపోతాయని మధ్య మధ్యలో అట్టముక్కలు. సీసాకి ముప్పావు లీటరు, రోజు విడిచి రోజు 23 లీటర్ల నీళ్లు. అవీ ముందురోజు పట్టి ఉంచినవి, క్లోరిన్ పోవాలి కదా. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, రాత్రి తొమ్మిదిన్నరకి సీసాల దగ్గర కూర్చునేదాన్ని.

ఎవరికి ఇచ్చాను? తొమ్మిది చుట్టాల పిల్లలకి, స్నేహితులకి. వాటిలో ఒకటి పూలకుండీలాంటి గాజు గ్లాసులో వారం బతికిందని తర్వాత తెలిసింది. ఎనిమిది మా పక్క వీధి షాపులో మేత పొట్లాలకి బదులుగా తీసుకున్నారు. మిగతావి అడిగితే "ఎరుపు ఎవరికి కావాలి మేడం, జనం కొత్త రంగులు అడుగుతున్నారు" అన్నాడాయన. డిసెంబరులో హైదరాబాదు చలి ఒక రాత్రి బాగా ముదిరింది. చిన్న సీసాలో నీళ్లు ఎంతసేపట్లో చల్లబడతాయో నేను ఆలోచించలేదు. పొద్దున్నకి ఐదు పోయాయి. చివరి తొమ్మిదీ మా ఇంట్లోనే ఉండి రెండేళ్లు, రెండున్నరేళ్లకి ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. చెరువులో వదిలెయ్యకూడదా అని కొందరు సలహా ఇచ్చారు. ఈ నేలవి కాని చేపల్ని మన చెరువుల్లో వదలడం ఇంకా పెద్ద తప్పు, ఆ పని మాత్రం చెయ్యలేదు.

మరి ఎవరూ పెంచకూడదా

అలా అనను. అలా అంటే నీలు కూడా ఉండేవాడు కాదు. మన షాపులకి వచ్చే రంగుచేపల్లో చాలా భాగం చెన్నై కొళత్తూరు చుట్టుపక్కల నుంచి వస్తాయి. అక్కడ ఈ పని మీద బతికే కుటుంబాలున్నాయి. సిమెంటు తొట్లు, వరసగా సీసాలు, కొనేవాళ్లు ముందే సిద్ధం. ఎన్ని పిల్లలు వస్తే ఎక్కడికి పంపాలో వాళ్లకి ముందే తెలుసు. సరదాగా పెంచేవాళ్లలోనూ ఏళ్ల తరబడి ఒకే వంశం చేపల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లున్నారు. వాళ్లు చేసే మొదటి పని సీసాలు లెక్కపెట్టుకోవడం.

థాయిలాండ్ 2019లోనే ఈ చేపని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. నా సీసాల గోలలో ఆ వార్త చదివి, నేనూ ఒక గొప్ప జాతిని నిలబెడుతున్నానని కొంచెం మురిసిపోయాను. అది నిజం కాదు. థాయ్ పొలాల్లో బతికే అసలు అడవి చేపలు తగ్గుతున్నాయి, జీవజాతుల స్థితి చెప్పే ఐయూసీఎన్ ప్రపంచ జాబితాలో వాటిని ముప్పున్నవాటిగా చేర్చారు. వాటికి కావలసింది బురద, గడ్డి, మంచినీళ్లు. షాపులో దొరికిన పొడుగు తోకల రెంటిని నేను జత చేస్తే అక్కడ ఒరిగేదేమీ లేదు. 2022లో ఈ చేపల జన్యువుల మీద వచ్చిన ఒక పరిశోధనలో 98 చేపల్ని పరీక్షిస్తే, పెంపుడు ఫైటర్లకీ దగ్గరి అడవి జాతులకీ మధ్య జన్యువులు రెండు వైపులా కలిసిపోయినట్టు తేలింది. అంటే మనం తయారుచేసినవి అడవి వాటిలోకీ చేరుతున్నాయి.

ఇంకోటి, జత కలపడమంటే వాటి ఒంటిని మనం ఎంచడం. హాఫ్‌మూన్ తోక అర్ధచంద్రంలా విప్పుకుంటే కళ్లు తిప్పుకోలేం. ఆ బరువుకి ఈదలేక తన తోక తనే కొరుక్కునే చేపల్ని నేను చూశాను. డ్రాగన్ రకాల్లో కొన్నిటికి మందపాటి పొలుసు కంటి మీదకి కూడా పెరిగి చూపు పోతుంది. షాపులో కొన్న చేప తల్లిదండ్రులెవరో మనకి తెలియదు, ఆడదీ మగదీ ఒకే కాన్పువో కాదో కూడా తెలియదు. ఇంత తెలియకుండా చేసే సంబంధం మన ఇళ్లలో ఎవరైనా ఒప్పుకుంటారా?

మా మరిదికి ఇదంతా చెప్పాక, "అయితే ఒకటి చెయ్యి వదినా, పాపనే లెక్క వెయ్యమను" అన్నాడు. మంచి ఆలోచనే. అమ్మాయి రెండు రోజులు కూర్చుని నోట్‌బుక్ వెనక పేజీలో రాసింది. సీసాలు 40, పెట్టడానికి జాగా: బాల్కనీలో రెండు అరలు, నీళ్లు రోజు విడిచి రోజు 30 లీటర్లు, సెలవులకి ఊరెళ్తే ఎవరు చూస్తారు: దాని ఎదురుగా పిన్నిగారి పేరు రాసి, కొట్టేసి, ప్రశ్నార్థకం పెట్టింది. తీసుకుంటామన్న స్నేహితుల పేర్లు నాలుగు.

నాకు చూపించి, వద్దులే అమ్మా అంది. అంతటితో అయిపోయిందనుకున్నాను. రాత్రి పడుకోబోతూ అడిగింది, "అప్పుడు బకెట్లో వేశావే, ఆ ఆడచేప ఏమైంది?"

చెప్పాను. ఆ మూడు రోజులూ అందరం గూడు చుట్టూనే ఉన్నాం. తండ్రి పిల్లల్ని ఏరుకోవడం చూస్తూ ఉండిపోయాం. నాలుగో రోజు పొద్దున బాత్రూమ్‌లో బకెట్ కనిపించి మూత తీశాను. తోక సగం లేదు, చీలిన చోట దూదిలా తెల్లటి బూజు పట్టింది. ఇంకా కదులుతూనే ఉంది. మందు వేశాను, వేడినీళ్లు కలిపాను. సాయంత్రానికి పోయింది.

"దాని పేరేంటి?" అంది.

పేరు పెట్టలేదని చెప్పాను.